బోలు టైలు

"అక్కా, ఆయన టీ తాగుతాడేమో అడుగు."

ఆ ఆయన ఆమెకి రెండడుగుల దూరంలోనే కూర్చున్నాడు. చెయ్యి చాపితే తగిలేంత దూరం. కానీ నిన్న సాయంత్రం ఆరుంబావు నుంచి ఆ రెండడుగుల్లోకి ఒక సముద్రం, రెండు ఎడారులు వచ్చి చేరాయి. వాటిని దాటి మాట పంపాలంటే మధ్యలో అక్క ఉండాల్సిందే.

"మరిదీ, టీ తాగుతావా?"

"తాగుతానని చెప్పు వదినా."

"తాగుతాడటే."

"అయితే పెట్టుకోమను."

అక్క ఒళ్లో ఉన్న ఫైలు టప్పున మూసింది. ఆమె బ్యాంకులో ఇళ్ల లోన్లు చూస్తుంది. పద్దెనిమిదేళ్లుగా అదే పని. చుట్టాల్లో ఎవరు పోయినా ఆమె పరామర్శకి వెళ్తే, జనం కళ్లు తుడుచుకుని ముందు వడ్డీ రేటు అడుగుతారు. మరిది టైల్స్ మేస్త్రి. ఆమెని మనసులో లోన్ల వదిన అనుకుంటాడు. పైకి మాత్రం ఉత్త వదినే. మేస్త్రి ఇంటి లోను ఆమె బ్యాంకులో లేదు. ఆమె వద్దని చెప్పిన బ్యాంకులో ఉంది.

"చూడండి, మీరిద్దరూ మాట్లాడుకోకపోతే నాకు పోయేదేం లేదు" అంది లోన్ల వదిన. "మూడు వాయిదాలు తప్పాయి. బ్యాంకు నోటీసులో అరవై రోజులని ఉంది. అందులో నలభై రెండు అయిపోయాయి. మిగతా పద్దెనిమిదీ మీరు నా చేత టీ కబుర్లు మోయిస్తూ గడిపారనుకోండి, పంతొమ్మిదో రోజు పక్కింటికి వేసినట్టే దీనికీ తాళం వేసి, లక్క సీలు కొట్టి పోతారు. అప్పుడు రోడ్డు మీద కూర్చుని మాట్లాడుకోండి. గాలి కూడా బాగా ఆడుతుంది."

ముగ్గురూ ఒకేసారి లోపలి గది వైపు చూశారు. ఆ గదికీ పక్కింటి వంటింటికీ నడుమ ఒకటే గోడ. పక్కింటివాళ్లు కూడా లోను కట్టలేకే ఇల్లు వదిలి పోయారు. సీలు పడి ఏడాది దాటింది. ఆ ఇంట్లో ఇప్పుడు మనిషి లేడు, దీపం లేదు. బల్లులు కూడా మకాం మార్చాయని వీధిలో చెప్పుకుంటారు.

అసలు గొడవంతా ఆ గోడ దగ్గరే మొదలైంది.

మేస్త్రి గేటుకి 'ఇల్లు అమ్మబడును' బోర్డు కట్టి నలభై రోజులైంది. ఆ వీధిలో అది వింతేమీ కాదు. ఇప్పుడక్కడ మనుషుల కన్నా బోర్డులు ఎక్కువ. మూల మీద పంక్చర్లు వేసేవాడు, అందరికీ ఉన్నది తనకి లేకపోతే బాగోదని, తన రేకు డబ్బాకి కూడా ఒకటి తగిలించాడు. దానికి రెండు బేరాలు వచ్చాయి. మేస్త్రి ఇంటికి ఒక్కటీ రాలేదు.

చూడ్డానికి మాత్రం వచ్చారు. నలభై ఒక్కమంది. కుళాయిలు తిప్పారు, కిటికీలు తెరిచారు, మేడ మీదికెక్కి ఎండ ఎటు పడుతుందో చూశారు. బాగుంది బాగుందన్నారు. చివర్లో చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి ఒక్కటే అడిగారు.

"ఇదేనా అండీ, ఆ కొట్టే ఇల్లు?"

మళ్లీ రాలేదు. ఇంటి విలువ కట్టడానికి బ్యాంకు పంపిన వాల్యూయరైతే లోపలి గది కొలుస్తూ కొలుస్తూ గడియారం చూసుకున్నాడు. ఆరుకి పది నిమిషాలు. కొలత టేపు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. అది ఇంకా అక్కడే ఉంది. రిపోర్టులో గది పొడవు దగ్గర 'సుమారు' అని ఉంది.

నిన్న నలభై ఒకటో మనిషి కూడా గేటు దాటాక, మేస్త్రి భార్య గుమ్మంలో కూలబడింది.

"ఎవడు పుట్టించాడండీ ఈ దెయ్యం కథ? వాడి చెయ్యి పడిపోను!"

మేస్త్రి తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు.

చూసుకోకుండా ఉండాల్సింది. ఆమె జిరాక్సు షాపులో పనిచేస్తుంది. పన్నెండేళ్లుగా ఏది ఒరిజినలో ఏది కాపీయో చూడగానే చెప్పడం ఆమెకి అలవాటు. మొగుడి మొహం మీద ఒక్కసారి చూపు పడింది. నిమిషంలో మొత్తం కక్కించింది.

తొమ్మిదేళ్ల కిందట అతను పక్కింటి వంటింట్లో గోడకి టైల్స్ వేశాడు. టైలు అతుక్కున్నాక మేస్త్రీలు నాణెంతో కొట్టి చూస్తారు. అంచుల్లో రెండు, నడుమ ఒకటి. ఠక్, ఠక్... ఠక్. వెనక సిమెంటు నిండుగా పడితే గట్టిగా పలుకుతుంది. గాలి మిగిలిపోతే బోలుగా మోగుతుంది. రోజూ ఆరింటికి పని కట్టేసే ముందు అతను అలా కొట్టి చూసేవాడు. అందులో ఏ పాపమూ లేదు.

గోడకి ఇవతల అప్పుడు టైపు టీచరమ్మ ఉండేది. టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేది. భర్త పోయి ఏడు నెలలు. ఒక్కతే ఉండలేక ఇల్లు అమ్మకానికి పెట్టింది. మేస్త్రికి ఆ ఇంటి మీద మనసు పడింది గానీ, ఆమె చెప్పిన ధర అందుకోవాలంటే అతను ఇంకో మూడు జన్మలు వంగి టైల్స్ వేయాలి. ఒకరోజు గేటు దగ్గర ఆమే అతన్ని ఆపి అడిగింది.

"బాబూ, ఆరింటికి గోడలోంచి చప్పుడొస్తోంది. నువ్వూ విన్నావా?"

'నేనేనమ్మా' అంటే సరిపోయేది. నాలుగక్షరాలు. ఆ నాలుగక్షరాలు గొంతు దాటి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. నిన్న వచ్చాయి, అదీ వేరే మనిషి ముందు. ఆ రోజు మాత్రం అతను "విన్నానమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఏదో ఒక మరమ్మతు వంక పెట్టుకుని ఇంకో నలభై రోజులు ఆ వంటింటికి వెళ్లాడు. ఆరింటికి కొట్టాడు. బాగా మోగాలని ఒక టైలు ఊడదీసి, తెలిసి తెలిసి బోలుగా అతికించాడు. కింది నుంచి మూడో వరుస, కిటికీ వైపు నుంచి ఏడోది. ఇరవై రెండేళ్ల పనిలో అతను కావాలని చెడగొట్టిన టైలు అదొక్కటే.

ఇల్లు చూడవచ్చిన ప్రతివాళ్లకీ టీచరమ్మ నిజాయితీగా చెప్పేది: "మా ఆయన కొడుతున్నారు." వాళ్లూ అంతే నిజాయితీగా పారిపోయేవాళ్లు. ధర ఒక్కో మెట్టూ దిగి, సరిగ్గా మేస్త్రికి అందే మెట్టు మీద ఆగింది.

"నేను భయపడనమ్మా. నేను కొంటాను" అన్నాడు మేస్త్రి.

ఇంట్లో దిగాక ఆ చప్పుడు మళ్లీ ఎవరికీ వినపడలేదు. వినపడదు మరి, కొట్టేవాడు కొనేశాడు కదా. కానీ ఈ తొమ్మిదేళ్లలో ఒక్కరోజు కూడా మేస్త్రి ఆరింటికి ఆ ఇంట్లో లేడు. సరిగ్గా ఆరుకి పది నిమిషాలు ఉందనగా అతనికి బజారులో ఏదో పని తగులుతుంది. వానొస్తే గొడుగు లేకుండా వెళ్లి, మూల మీద నిలబడి, ఆరుంబావుకి తడిసి వస్తాడు. జ్వరంతో ఉన్నా లేచి వెళ్తాడు. మొగుడికి నడక పిచ్చి అనుకుంది ఆమె. పదిమందికీ గొప్పగా చెప్పుకుంది కూడా.

"అక్కా, తొమ్మిదేళ్లు ఈ ఇంట్లో ఆ మనిషికి నిద్రెలా పట్టిందో అడుగు."

"పట్టలేదని చెప్పు వదినా."

"నిద్ర పట్టకుండానే అంత గురక పెట్టాడా అని అడుగు."

నిన్నటిదాకా అతను ఆమెకి 'మీరు'. నిన్న ఆరుంబావుకి 'నువ్వు' అయ్యాడు. ఇందాక 'ఆయన', ఇప్పుడు 'ఆ మనిషి'. వీధిలో ఇళ్ల ధరలు కూడా ఇంత జోరుగా పడలేదు.

"ముసలావిడని బెదరగొట్టి సంపాదించిన ఇంట్లో నన్ను కాపురం పెట్టించావు కదయ్యా!" ఈసారి ఆమె అక్కని దాటేసి నేరుగా అతని మీదే విరుచుకుపడింది. "నేను ప్రతి నెలా షాపులో నిలబడి కాళ్లు వాచేలా పనిచేసి కట్టింది దీనికా? ఇప్పుడు ఆ అబద్ధమే మనకి తగులుకుంది. నీ దెయ్యం నిన్నే పట్టుకుంది. బాగా అయింది!"

"బాగా అయింది" అన్నాడు మేస్త్రి కూడా. అది ఒప్పుకోవడమో వెక్కిరించడమో తెలీక ఆమెకి ఇంకా ఒళ్లు మండింది.

"అయిందా? ఇప్పుడు నేను చెప్పేది చెవిన వేసుకోండి" అంది లోన్ల వదిన. "ముందు బ్యాంకుకి మొహం చాటెయ్యడం మానెయ్. వాయిదా కట్టనివాడి కన్నా ఫోనెత్తనివాడంటేనే మాకు భయం. రేపు పొద్దున్నే వెళ్లి మేనేజరు ముందు కూర్చో. ఇళ్లు అమ్ముడుపోవట్లేదు, అందుకే టైల్స్ పని లేదు, ఎగ్గొట్టే ఉద్దేశం లేదు, గడువు పెంచి వాయిదా తగ్గించండి అని కాగితం మీద రాసివ్వు. నోటితో చెప్పింది బ్యాంకులో ఫ్యాను గాలికే పోతుంది."

"రేటు కూడా పెంచారు వదినా."

"కొత్తగా వచ్చినవాడికి తక్కువకిస్తూ తొమ్మిదేళ్లుగా కడుతున్న నాకెందుకివ్వరని అడిగావా?"

"అడగొచ్చా?"

"అడగనివాడికి ఏ బ్యాంకూ తగ్గించదు. నేనైతే అస్సలు తగ్గించను. ఇంకోటి, ఆ మేడ మీద పోర్షను. ఉన్నదాని మీద టాప్-అప్ లోను తెచ్చి మరీ కట్టావు. గోడలు లేచాయి, గచ్చు లేదు. ఇన్ని ఇళ్లకి టైల్స్ వేసినవాడి మేడ మీద మట్టి! మిగిలిపోయిన టైల్స్ నీ దగ్గర లేవా?"

"ఉన్నాయి వదినా. పద్నాలుగు రంగుల్లో ఉన్నాయి."

"వేసెయ్. అద్దెకొచ్చేవాడు రంగు చూడడు, అద్దె చూస్తాడు. అగ్రిమెంటు చేయించి అది పట్టుకుని బ్యాంకుకి వెళ్లు. వచ్చే నెల నుంచి ఇంత ఆదాయం వస్తుందని కళ్లకి కనిపిస్తే వాళ్లూ ఆగుతారు. ఈ రోజుల్లో తొందరపడి అమ్మితే, నీ మొహం చూసే కొనేవాడు పావు వంతు కోసేస్తాడు."

"ఈ కొంపకి అద్దెకెవరొస్తారే?" అంది చెల్లెలు. "పేపరు వేసేవాడే గేటు బయట నుంచి విసిరి పరిగెడతాడు."

"అమ్మడమే అయితే, బోర్డుల మీద రాసిన ధరలు నమ్మకండి. వీధిలో ఈ మధ్య నిజంగా రిజిస్ట్రేషనైన ధర ఎంతో కనుక్కోండి. కొనేవాళ్లు ఇచ్చే డబ్బులో ముందు బ్యాంకు బాకీ నేరుగా తీరిపోయేట్టు రాయించుకోండి. ఇంట్లో లోపం ఉంటే ముందే చెప్పాలి. చెమ్మైతే చెమ్మ, పగులైతే పగులు. దాచి అమ్మితే రేపు కోర్టుకి ఈడుస్తారు."

"చప్పుడైతే?" అన్నాడు మేస్త్రి.

"చప్పుడికి ఫారంలో గడి లేదు."

"లేని చప్పుడికి?"

లోన్ల వదిన ఫైలు తెరిచి మళ్లీ మూసింది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆమె దగ్గర జవాబు లేకపోవడం ఇది రెండోసారట. మొదటిసారి ఆమె మొగుడు పెళ్లిచూపుల్లో పాట పాడమన్నప్పుడు.

సరిగ్గా అప్పుడే గేటు కిర్రుమంది.

వచ్చింది బ్రోకరు. కమీషను బట్టి వీధిలో అందరూ రెండు శాతం అని పిలుస్తారు. తుమ్మినా రెండుసార్లే తుమ్ముతాడు. ఇవాళ మాత్రం మొహం పెళ్లిపందిరిలా వెలిగిపోతోంది.

"మేస్త్రీ! అన్నా! బేరం వచ్చింది. బోర్డు మీద ధరకి ఒక్క పైసా తగ్గించమనలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను, ఇలాంటి మాట వినలేదు. నాకు జ్వరం వచ్చేట్టుంది."

"కొట్టే సంగతి చెప్పావా?" అంది మేస్త్రి భార్య.

"నేను చెప్పేదేంటమ్మా. అందుకే కొంటారట."

అతని వెనక నుంచి ఒక పెద్దావిడ లోపలికి వచ్చింది. చేతిలో గుడ్డసంచి, మెడలో దారంతో వేలాడే కళ్లద్దాలు. గుమ్మంలో చెప్పులు వదిలి, ఎవర్నీ అడక్కుండా తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి లైటు వేసింది. తొమ్మిదేళ్లయినా ఆ చేతికి స్విచ్చు ఎక్కడుందో తెలుసు.

"బాగున్నావా నాయనా?" అంది టైపు టీచరమ్మ.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేకపోయాడు. ఆమె కుర్చీలో కూర్చుంది. చేతులు కుర్చీ పిడి మీద పెట్టగానే వేళ్లు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. కనపడని టైపు మిషను మీద కనపడని ఉత్తరమేదో కొడుతున్నట్టు.

"మళ్లీ ఈ ఇల్లే ఎందుకు టీచరమ్మా?" అని అడిగింది మేస్త్రి భార్య.

"ఇక్కణ్నుంచి వెళ్లాక మూడిళ్లు మారానమ్మా. అన్నీ మంచి ఇళ్లే. ఎక్కడా ఆయన కొట్టలేదు."

బయట వీధిలో పంక్చర్లవాడు గాలి కొడుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"అప్పుడు భయపడ్డాను. పోయిన మనిషి ఎందుకు కొడతాడు, నా మీద ఏదో కోపం ఉండే కదా అనుకున్నాను. పారిపోయాను. ఆర్నెల్ల తర్వాత ఒకరోజు అన్నం తింటుంటే తట్టింది. ఆయన కోపంతో కొట్టలేదు, వెళ్లొద్దని కొట్టారు. బతికున్నన్నాళ్లూ నోరు తెరిచి నన్ను ఒక్కటీ అడిగిన మనిషి కాదు. ఉప్పు తక్కువైనా తినేసి లేచేవారు. అడగడం చేతకాక గోడ కొట్టారు. నేనేమో ఆయన్ని గోడలో వదిలేసి, తాళాలు నీ చేతిలో పెట్టి వెళ్లిపోయాను."

మేస్త్రికి కాళ్ల కింద నేల బోలుగా తోచింది. అది అతను స్వయంగా వేసిన నేల. ప్రతి టైలూ కొట్టి చూసి వేసింది.

"నువ్వు లేకపోతే నాకు పిచ్చెక్కిందనే అనుకునేదాన్ని నాయనా" అంది టీచరమ్మ. "అప్పుడు పక్కింట్లో పనిచేసింది నువ్వేగా. నువ్వూ విన్నానన్నావు. ఆ ఒక్కమాట పట్టుకునే ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాను."

మేస్త్రి భార్య అతని వైపు చూసింది. ఆ చూపులో తిట్టు లేదు. తిట్టు ఉన్నా బాగుండేది.

"టీచరమ్మా, అడిగానని ఏమనుకోకండి" అంది లోన్ల వదిన. "అంత డబ్బు ఎక్కడిది మీకు?"

"అప్పుడు ఈ ఇల్లమ్మిన డబ్బు కదపలేదు. దాని మీద నేను దాచుకున్నది. ఇదిగో." సంచిలోంచి పాసుబుక్కు తీసింది. "మొత్తం కలిపితే సరిగ్గా బోర్డు మీద ధర. ఇంకో నూట పది మిగులుతుంది."

లోన్ల వదిన పాసుబుక్కు చూసింది. చెల్లెల్ని చూసింది. నోరు మూసుకుందామని శాయశక్తులా ప్రయత్నించింది. బ్యాంకు నోరది, మూతపడలేదు.

"ఉన్నదంతా ఇంట్లో పోస్తే రేపు ఒంట్లో బాగోకపోతే ఏం చేస్తారమ్మా? కనీసం ఏడాది ఖర్చులు పక్కన పెట్టుకోవాలి. పైగా ఈ వీధిలో పోయిన నెల రిజిస్ట్రేషనైన ధర మీరిచ్చేదానికన్నా నాలుగో వంతు తక్కువ."

రెండు శాతం గుండె పట్టుకున్నాడు. "మేడమ్! మీరసలు ఎవరి తరఫు?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

టీచరమ్మ నవ్వింది. "ముప్పై ఏళ్లు టైపు నేర్పానమ్మా. తప్పు పడితే దిద్దనిచ్చేదాన్ని కాదు. కాగితం తీసేసి మళ్లీ మొదట్నుంచి కొట్టమనేదాన్ని. ఇదీ అంతే. కాకపోతే ఒక్క కోరిక. ఆరింటికి ఆ గదిలో ఒక్కదాన్నే కూర్చుంటాను. ఆయన ఉన్నారనుకో, బయటికి రాగానే అడ్వాన్సు ఇచ్చేస్తాను. లేరనుకో, టీ తాగి వెళ్లిపోతాను."

గోడగడియారంలో ఆరుకి ఇరవై నిమిషాలుంది.

ఆమె లోపలి గదిలోకి వెళ్లింది. తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడు.

రెండు శాతం మేస్త్రి భుజం మీద చెయ్యి వేసి చెవిలో గొణిగాడు. "అన్నా, పెద్దావిడ ముచ్చట. ఆరింటికి ఎవరో ఒకరు గోడని అలా చిన్నగా... నేననలేదు. నాకేం తెలీదు. నేను గేటు దగ్గరుంటా." ఫోను చెవికి ఆనించుకుని బయటికి వెళ్లిపోయాడు. అవతల ఎవరూ లేకపోయినా హలో హలో అంటూనే ఉన్నాడు.

హాల్లో ముగ్గురు మిగిలారు.

"ఏం చేస్తావు?" అంది భార్య. అక్క వైపు చూడలేదు. నేరుగా అతన్నే అడిగింది.

"చెప్పేస్తాను."

"చెప్తే బేరం పోతుంది. పద్దెనిమిది రోజుల్లో ఇంకెవడూ రాడు."

"పోనీ. వదిన చెప్పినట్టు మేడ మీద టైల్స్ వేస్తాను. బ్యాంకు కాళ్లు పట్టుకుంటాను."

"ఇల్లు సంగతి వదిలెయ్." ఆమె గొంతు బాగా తగ్గింది. "చెప్తే ఆవిడకి మొగుడు రెండోసారి పోతాడు. అది ఆలోచించావా?"

అతను ఆలోచించలేదు. తొమ్మిదేళ్లుగా అతను ఆలోచించిందంతా తన గురించే.

"చెప్పకపోతే డబ్బంతా పోస్తుంది" అన్నాడు. "ఖాళీ గోడ ముందు కూర్చుంటుంది. రోజూ ఆరింటికి. ఎవరూ కొట్టరు. మళ్లీ అలిగాడనుకుంటుంది. ఏది తక్కువ నష్టం?"

ఇద్దరూ లోన్ల వదిన వైపు తిరిగారు.

"ఇది నా బ్రాంచి కాదు" అందామె. కళ్లు తుడుచుకుంది.

ఆరుకి పది. మేస్త్రి కాళ్లు అలవాటు ప్రకారం గుమ్మం వైపు తిరిగాయి. చెప్పులు కూడా అతని కోసమే ఎదురుచూస్తున్నట్టున్నాయి. ఒక్క అడుగు వేశాడు. ఆగాడు. బజారులో అతనికి ఏ పనీ లేదు. ఎప్పుడూ లేదు.

తొమ్మిదేళ్లలో మొదటిసారి, ఆరింటికి ఆ ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆరు కాబోతుండగా లోపలి గది తలుపు దగ్గరికి వెళ్లాడు. నోట్లో నాలుగక్షరాలూ సిద్ధంగా ఉన్నాయి. నేనేనమ్మా. మూసిన తలుపు తెరవమనాలంటే ఎవరైనా ఏం చేస్తారు? అతనూ అదే చెయ్యబోయాడు. పిడికిలి ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

ఇప్పుడు ఆ తలుపు మీద కొడితే లోపలి మనిషి ఏమనుకుంటుందో అతనికి అప్పుడు తట్టింది. పిలవాలని కూడా తోచలేదు. చెయ్యి దించుదామంటే దిగలేదు. అలా నిలబడిపోయాడు, బోర్డు కట్టిన స్తంభంలా.

గోడగడియారం ముల్లు పన్నెండు మీదికొచ్చింది.

ఠక్, ఠక్... ఠక్.

మేస్త్రి భార్య ఒక్క ఉదుటున వచ్చి ఎత్తిన అతని మణికట్టు పట్టుకుంది. "మళ్లీనా? మళ్లీ కొట్టావా? ఇంత విన్నాక కూడానా? నువ్వు మనిషివేనా?"

"నేను కాదే."

"నా కళ్ల ముందే చెయ్యెత్తావు!"

"ఎత్తాను. కొట్టలేదు." తల గోడ వైపు తిప్పాడు. "విను. తలుపు చెక్కది. ఇది చెక్క చప్పుడు కాదు. టైలు చప్పుడు. బోలు టైలు. మూడో వరుస... ఏడోది."

ఇరవై రెండేళ్లలో వేసిన లక్ష టైల్స్‌లో దాని గొంతు ఒక్కటే అతను మర్చిపోలేదు.

లోన్ల వదిన కిటికీ దగ్గరికి పరిగెత్తింది. అక్కణ్నుంచి పక్కింటి వీధి తలుపు కనిపిస్తుంది. తాళం వేలాడుతోంది. లక్క సీలు చెక్కుచెదరలేదు. గేటు దగ్గర రెండు శాతం ఫోను చేతిలో పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డాడు. అతనూ విన్నాడు. హలో అనడం మర్చిపోయాడు.

"సీలు అలాగే ఉంది" అంది వదిన. ఆమె గొంతులో బ్యాంకు లేదు.

గది లోపల్నుంచి టీచరమ్మ మాట వినిపించింది. ఏడుపు లేదు, వణుకు లేదు. క్లాసులో వెనక బెంచీ పిల్లవాడితో అన్నట్టే అంది.

"సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి కొట్టండి."

మేస్త్రి భార్య అతని రెండో చెయ్యి కూడా లాక్కుంది. రెంటినీ తన రెండు చేతుల్లో ఇరికించుకుని, గోళ్లు దిగేలా బిగించింది. మొహం మీద మొహం పెట్టి అతని కళ్లలోకే చూస్తూ నిలబడింది. జిరాక్సు షాపులో అనుమానం కాగితాన్ని వెలుగుకి పెట్టి చూసినట్టు.

ఠక్. ఠక్.

నడుమ కొట్టే మూడోది రావడానికి కొంచెం ఆలస్యమైంది. అవతల ఎవరో చెయ్యెత్తి, ఆలోచిస్తున్నట్టు.

ఠక్.

ఆమె పట్టు వదల్లేదు. "మీరు కాదు" అంది, ఊపిరంత సన్నగా. "మరి ఇప్పుడు ఆవిడకి ఏం చెప్తారు?"

అతను నోరు తెరిచాడు. నాలుగక్షరాల్లో మొదటిది కూడా రాలేదు.

లోపల్నుంచి గడియ తీస్తున్న చప్పుడు వినిపించింది.